గడ్డిలో ఇంధనం ఉంది, ఆ గడ్డి ఎవరిది?

దేశంలో ఈ20 పెట్రోలు, అంటే ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు, అమ్మకాలు మొదలైంది బెంగళూరులోనే. 2023 ఫిబ్రవరి 6న ఇక్కడ జరిగిన ఇండియా ఎనర్జీ వీక్‌లో ప్రధాని దాన్ని విడుదల చేశారు. ఆరోజు 11 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో కలిపి 84 బంకుల్లో దొరికింది. ఇప్పుడు దాదాపు ఎక్కడికెళ్లినా అదే. మారతహళ్లి, కె.ఆర్.పురం వైపు క్యాబులు నడిపే మన మదనపల్లె, చిత్తూరు కుర్రాళ్లతో మాట కలిపితే రెండు సంగతులు వినిపిస్తాయి. ఒకటి: "మైలేజీ పడిపోయింది అన్నా." రెండు: "పంజాబులో తగలబెట్టే గడ్డితోనే కదా ఇప్పుడు పెట్రోలు చేస్తున్నారు, పోనీలే, ఢిల్లీవాళ్లకు పొగైనా తగ్గుతుంది."

మొదటిదాంట్లో నిజముంది. లీటరుకు లీటరు చూస్తే ఇథనాల్‌లో పెట్రోలు కంటే మూడో వంతు శక్తి తక్కువ. పది శాతం మిశ్రమానికి ట్యూన్ చేసిన కార్లలో ఈ20 పోస్తే మైలేజీ 6 నుంచి 7 శాతం, బైకుల్లో 3 నుంచి 4 శాతం తగ్గుతుందని నీతి ఆయోగ్ 2021 రోడ్‌మ్యాప్‌లోనే రాసుకుంది. రెండోది మాత్రం నిజం కాదు. ట్యాంకులో పడుతున్న ఇథనాల్‌లో గడ్డి నుంచి వచ్చింది చుక్కంత. మిగతాదంతా చెరుకు రసం, మొలాసిస్ (చక్కెర మిల్లులో మిగిలే మడ్డి), మొక్కజొన్న, నూకలు, ఎఫ్‌సీఐ గోదాముల్లోని బియ్యం. ఈమధ్య ధాన్యం వాటా చెరుకును దాటిపోయింది కూడా. ఇథనాల్ కోసం ఎఫ్‌సీఐ బియ్యాన్ని 2025లో కిలో 22 రూపాయల 50 పైసలకు ఇచ్చారు. మొక్కజొన్న డిస్టిలరీల వైపు మళ్లడంతో కోళ్ల దాణా ఖర్చు పెరిగిందని పౌల్ట్రీ రైతులు మొత్తుకుంటున్నారు. ఒకప్పుడు మొక్కజొన్న ఎగుమతి చేసిన దేశం 2024లో దిగుమతి చేసుకునే స్థితికొచ్చింది.

కాబట్టి ముందు గింజ ఇథనాల్‌నూ గడ్డి ఇథనాల్‌నూ విడదీసుకోవాలి. గింజ నుంచి, చెరుకు నుంచి తీసేది మొదటి తరం ఇథనాల్. అది సారా బట్టీ అంత పాత విద్య. పెద్ద పరిశోధన ఏమీ అక్కర్లేదు. నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో 2024 నవంబరులో జనం రోడ్డెక్కి పనులు ఆపించింది ఈ తరహా ఫ్యాక్టరీనే. గడ్డి, పిప్పి, కట్టె, వెదురు నుంచి తీసేది రెండో తరం. కేంద్ర ప్రయోగశాలలు, బెంగళూరులోని ఐఐఎస్సీ (భారతీయ విజ్ఞాన సంస్థ) లాంటి సంస్థలు ఇన్నేళ్లుగా కుస్తీ పడుతున్నది దీనితోనే. ప్రభుత్వ ప్రకటనల్లో రెండూ "జీవ ఇంధనం" అనే ఒకే మాట కింద కలిసిపోతాయి. బియ్యంతో చేసిన ఇథనాల్‌కు గడ్డి పేరున మంచి పేరు వస్తుంది. అలా కలిపేయడం తెలియక జరుగుతోందని నేననుకోను.

గింజ ఇచ్చినంత సులువుగా గడ్డి ఎందుకివ్వదు

గింజలో ఉండేది పిండి. మొక్క తన పిల్లకు దాచిపెట్టిన తిండి అది. నీళ్లు, కాస్త వేడి, ఒక ఎంజైమ్ తగిలితే చక్కెరగా విడిపోతుంది. గడ్డి, కట్టె అలా కాదు. అవి మొక్క నిలబడటానికి కట్టుకున్న గోడలు. పురుగు తినకుండా, బూజు పట్టకుండా కట్టుకున్నవి. చక్కెర అందులోనూ ఉంది, తేలిగ్గా బయటకు రానివ్వదు.

పాత ఊళ్లలో తడిక గోడలు చూసినవాళ్లకు ఇది త్వరగా అర్థమవుతుంది. నిలువు వెదురు బద్దల్లాంటిది సెల్యులోజ్. బద్దల్ని కలిపి కట్టే నారలాంటిది హెమీసెల్యులోజ్. పైన మెత్తిన మట్టిలాంటిది లిగ్నిన్. బద్దలు కావాలంటే ముందు మట్టి రాలగొట్టాలి. ఆ రాలగొట్టడాన్నే ప్రీట్రీట్‌మెంట్ అంటారు. పలచని ఆమ్లం పోసి, అధిక పీడనంలో ఆవిరి పట్టించి, ఒక్కసారిగా ఒత్తిడి వదిలేస్తే గోడ చిట్లుతుంది. ఎక్కువ వేడి పెడితే మరో తంటా: నారలోని చక్కెరలు మాడి ఫర్‌ఫ్యూరాల్ అనే పదార్థం తయారవుతుంది, అది తర్వాత వచ్చే ఈస్ట్‌ను పనిచేయనివ్వదు. తక్కువ పెడితే గోడ చిట్లదు. ఆ మధ్య గీత వరిగడ్డికి ఒకచోట, చెరుకు పిప్పికి ఒకచోట, పత్తికట్టెకు ఇంకోచోట ఉంటుంది. ఒక ప్రయోగశాల పిప్పి మీద సాధించిన ఫలితాన్ని ఇంకొకరు గడ్డి మీద రాబట్టలేకపోవడంలో వింతేమీ లేదు.

గోడ చిట్లాక సెల్యులోజ్‌ను చక్కెరగా కోసే ఎంజైములు కావాలి. ఈ ఎంజైముల కథ యుద్ధకాలం నాటిది. రెండో ప్రపంచ యుద్ధంలో సాలమన్ దీవుల్లో అమెరికా సైన్యం గుడారాలు, నూలు సామాన్లు అదేపనిగా చివికిపోతుండేవి. ఏం తింటోందా అని వెతికితే ఒక బూజు దొరికింది. దాని మీద పనిచేసిన ఎల్విన్ రీస్ పేరిట తర్వాత దాన్ని ట్రైకోడెర్మా రీసీ అన్నారు. గుడ్డను నాశనం చేస్తోందని పట్టుకున్న ఆ బూజు వారసులే నేటికీ ప్రపంచమంతటా ఈ ఎంజైములు తయారుచేస్తున్నాయి. వాటిని కొనడం ఖరీదైన వ్యవహారం, మార్కెట్ కొద్ది కంపెనీల చేతుల్లో ఉంది. అందుకే మన బయోటెక్నాలజీ శాఖ మద్దతుతో ఢిల్లీలోని ఐసీజీఈబీ అనే జన్యు ఇంజనీరింగ్ పరిశోధన కేంద్రంలో పెనిసిలియం జాతి బూజు ఒకదాన్ని తీసుకుని, జన్యుమార్పులతో ఎంజైము దిగుబడి పెంచే పని నడిచింది. ఫరీదాబాద్‌లో ఇండియన్ ఆయిల్‌తో కలిసి నడిపే కేంద్రమూ ఇదే దారిలో ఉంది.

చివరి మెట్టు పులియబెట్టడం. మామూలు ఈస్ట్ సెల్యులోజ్ నుంచి వచ్చిన గ్లూకోజ్ ఇష్టంగా తింటుంది, హెమీసెల్యులోజ్ నుంచి వచ్చే జైలోజ్‌ను ముట్టదు. గడ్డిలోని చక్కెరల్లో జైలోజ్ వాటా తక్కువేమీ కాదు. అది వృథా పోతే ఫ్యాక్టరీ లెక్క తప్పుతుంది. దానికోసం జైలోజ్ తినే ఈస్ట్‌లను తయారుచేశారు. ఇక పులియడంలో గ్లూకోజ్ బరువులో దాదాపు సగం కార్బన్ డయాక్సైడ్‌గా ఎగిరిపోతుంది. అది రసాయన శాస్త్రం గీసిన గీత, ఏ ఈస్టూ దాటలేదు.

ఇవన్నీ కలిపి ఒక దారిలో పెట్టే పని మన దగ్గర ముందుగా ముంబయిలోని రసాయన సాంకేతిక విద్యాసంస్థ ఐసీటీ చేసింది. అక్కడి టెక్నాలజీతో ఉత్తరాఖండ్‌లోని కాశీపూర్‌లో రోజుకు పది టన్నుల గడ్డిని వాడే ప్రయోగ ప్లాంటు 2016లో మొదలైంది. 2019లో కేంద్రం ప్రధానమంత్రి జీ-వన్ యోజన పెట్టి, 12 వాణిజ్య ప్లాంట్లు, 10 ప్రదర్శన ప్లాంట్లకు సాయంగా 1,969 కోట్ల 50 లక్షల రూపాయలు కేటాయించింది. కర్ణాటకలో దావణగెరె జిల్లా హరిహర దగ్గర మంగళూరు రిఫైనరీ వాళ్లు ప్రతిపాదించిన ప్లాంటు కూడా ఈ జాబితాలోదే. పథకం గడువును 2024లో మరో ఐదేళ్లు, అంటే 2028-29 దాకా పొడిగించారు. అనుకున్నవన్నీ అనుకున్న సమయానికి నిలబడి ఉంటే పొడిగింపు అక్కరే ఉండేది కాదు.

పానిపట్ లారీల లెక్క

నిలబడిన వాటిలో పేరున్నది పానిపట్‌లోని ఇండియన్ ఆయిల్ ప్లాంటు. 2022 ఆగస్టు 10న ప్రారంభమైంది. ఖర్చు 900 కోట్లకు పైగా. పూర్తి స్థాయిలో నడిస్తే ఏడాదికి 2 లక్షల టన్నుల వరిగడ్డి తిని 3 కోట్ల లీటర్ల ఇథనాల్ ఇవ్వాలి. ఈ రెండు అంకెలు పట్టుకుని కాగితం మీద కాస్త గీసి చూద్దాం.

2 లక్షల టన్నులంటే రోజుకు దాదాపు 550 టన్నులు. లారీకి పది టన్నుల చొప్పున ఏడాది పొడుగునా రోజుకు 55 లారీలు. ఇది ఫర్వాలేదనిపిస్తుంది. కానీ గడ్డి ఏడాది పొడుగునా దొరకదు కదా. హర్యానాలో వరి కోతకూ గోధుమ విత్తడానికీ మధ్య ఉండేది కొన్ని వారాలు. ఏడాది గడ్డినంతా ఒక్క నెలలో ఎత్తాలంటే రోజుకు 6,600 టన్నులు, అంటే 660 లారీలు. అంత గడ్డిని చుట్టే బేలర్లు, ట్రాక్టర్లు, మనుషులు ఆ ఒక్క నెలకే కావాలి. మిగతా పదకొండు నెలలు వాటికి పనుండదు, ఈఎంఐ మాత్రం ఉంటుంది. తెచ్చిన గడ్డిని ఏడాది నిల్వ చేయాలి. తడిస్తే బూజు, ఎండితే నిప్పు భయం. వామి వేసిన రైతును అడిగినా చెబుతాడు, గడ్డి మేటకు కాపలా ఎంత పనో.

పైగా వరిగడ్డి మిగతా వాటికంటే మొండిది. కాల్చితే 15 శాతానికి పైగా బూడిద మిగులుతుంది, అందులో ఎక్కువ భాగం సిలికా. నాట్లు, కోతలు చేసినవాళ్ల చేతులు గీరుకుపోయేది ఆ సిలికాతోనే. కత్తిరించే బ్లేడ్లను, పంపులను, పైపు మలుపులను అది ఆకురాయిలా అరగదీస్తుంది. పొలం నుంచి గడ్డితోపాటు వచ్చే మట్టి అదనం. పరిశోధన పత్రాల్లో ఎంజైముల గురించి ఉన్నన్ని పేజీలు ఈ ఇసుక గురించి ఉండవు. ప్లాంటు నడిపే ఇంజనీరుకు మాత్రం పగలంతా దీనితోనే సరిపోతుంది.

ఇంకో కోణం. ఈమధ్య దేశంలో ఏడాదికి పెట్రోలులో కలుపుతున్న ఇథనాల్ వెయ్యి కోట్ల లీటర్ల స్థాయిలో ఉంది. అదంతా గడ్డితోనే ఇవ్వాలంటే పానిపట్ లాంటివి 330 ప్లాంట్లు, ఆరున్నర కోట్ల టన్నులకు పైగా గడ్డి కావాలి.

ఇది మన చేతకానితనమేమీ కాదు. అమెరికాలో అయోవా రాష్ట్రంలోని ఎమెట్స్‌బర్గ్‌లో 2014లో ఆర్భాటంగా మొదలైన మొక్కజొన్న చొప్ప ప్లాంటు ఐదారేళ్లకే ఇథనాల్ తయారీ ఆపేసింది. అదే రాష్ట్రంలో డ్యూపాంట్ 2015లో తెరిచిన ప్లాంటును రెండేళ్లలో వదిలించుకోవాలనుకుంది. రొమేనియాలో క్లారియంట్ కట్టిన గోధుమ గడ్డి ప్లాంటు 2023 చివర్లో మూతపడింది. మూడుచోట్లా రసాయన శాస్త్రం పనిచేసింది. ముడిసరుకు, యంత్రాలు, ధర కుదరలేదు.

వృథా అన్నది ఎవరు?

దేశంలో ఏడాదికి 75 కోట్ల టన్నుల వ్యవసాయ బయోమాస్ వస్తోందని, అందులో 23 కోట్ల టన్నుల దాకా మిగులు ఉందని హైదరాబాద్‌లోని ఆస్కీ (అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ) చేసిన అధ్యయనం అంచనా వేసింది. దాంతో 28 వేల మెగావాట్ల విద్యుత్తు సాధ్యమని లెక్క. ఆ 23 కోట్ల అంకె ప్రతి ప్రసంగంలోనూ కనిపిస్తుంది. అది మిగులు అయినంతవరకే మిగులు. కొనేవాడు రాగానే దానికో ధర పుడుతుంది.

దీనికి ఉదాహరణ కోసం అయోవా దాకా పోనక్కర్లేదు. 2000 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఊక, వేరుశనగ పొట్టు, కట్టెతో నడిచే చిన్న విద్యుత్ ప్లాంట్లు వరసగా వెలిశాయి. ఎక్కువ భాగం ఆరు మెగావాట్లవి. కట్టేటప్పుడు ఊక అంటే రైస్ మిల్లు వెనక కుప్పగా పోసి, తీసుకుపోతే చాలనుకునే సరుకు. ప్లాంట్లు కొనడం మొదలయ్యాక ఇటుక బట్టీలవాళ్లు, బాయిలర్లవాళ్లు పోటీకొచ్చారు, ధర ఎగబాకింది. కరెంటు కొనే రేటు అలా పెరగదు, అది ఒప్పందంలో రాసి ఉంటుంది. రేట్ల మీద వివాదాలు ముదిరి చాలా ప్లాంట్లు మూతపడ్డాయి. కొన్ని సర్కారు తుమ్మ మీద బతికాయి. దేశంలో ఇంకెవరూ తెలుగువాళ్ల కంటే ముందు ఈ పాఠం నేర్చుకుని ఉండరు. ఇప్పటి గడ్డి ప్లాంట్ల ప్రాజెక్టు రిపోర్టుల్లో మాత్రం ముడిసరుకు ధర ఏటా కొద్దిగా పెరుగుతుందని రాసి వదిలేస్తారు.

హిందూపురం, పావగడ వైపు కాయలు ఒలిచే మిల్లుకు వెళ్లి పొట్టు ఏం చేస్తారని అడగండి. పారేస్తాం అని ఎవరూ అనరు. బాయిలర్లకు పోతుంది, బ్రికెట్లకు, అంటే పొట్టును నొక్కి చేసే ఇంధన దిమ్మలకు, పోతుంది. కందికట్టె పొయ్యిలోకి పోతుంది. వరిగడ్డి పశువుల మేత; కరువు ఏడాదిలో అనంతపురం, కోలారు వైపు ట్రాక్టర్ లోడు గడ్డి కోసం రైతులు కాచుక్కూర్చుంటారు. పంజాబు గడ్డికీ మన గడ్డికీ తేడా ఇదే. అక్కడ కంబైన్‌తో కోసిన చేలో మొదళ్లు నిలిచిపోతాయి, సిలికా ఎక్కువని పశువుకు పెట్టరు, గోధుమ విత్తే తొందర వేరే. అందుకే నిప్పు పెడతారు. అక్కడి సమస్యకు రాసిన మందును కర్ణాటకకూ రాయలసీమకూ అదే డోసులో ఇవ్వడం కుదరదు.

ఖాళీ భూమిలో పండించుకుందాం, అప్పుడు ఎవరి నోటి ముందుదీ లాగినట్టు ఉండదు కదా అనే ఆలోచన కూడా జరిగిపోయింది. 2003లో ప్రణాళికా సంఘం బయోడీజిల్ మిషన్ పేరుతో జట్రోఫా, అదే అడవి ఆముదం, బీడుభూముల్లో వేయమంది. బీడులో ఆ మొక్క బతికింది, కాయలు కాయలేదు. కాయాలంటే నీళ్లు, ఎరువు కావాలి; అవి ఉంటే రైతు అందులో జట్రోఫా ఎందుకు వేస్తాడు? 2009 విధానం 2017 నాటికి డీజిల్‌లో 20 శాతం అని రాసుకుంది. నేటికీ ఒక శాతం దాటలేదు.

జట్రోఫా హడావిడిలో వెనకబడిపోయింది మన కానుగ. కన్నడలో హొంగె. బెంగళూరు పాత లేఅవుట్లలో రోడ్ల పక్కన నీడనిచ్చేది ఎక్కువగా ఇదే. ఐఐఎస్సీలో మెకానికల్ ఇంజనీరింగ్ ప్రొఫెసర్ ఉడుపి శ్రీనివాస కానుగ నూనెతో డీజిల్ ఇంజన్లు నడిపి చూపించారు. ఆదిలాబాద్ అడవుల్లోని పవర్‌గూడ మహిళలు కానుగ నూనె తీసి, దాని ద్వారా మిగిలే 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు 2003లో ప్రపంచ బ్యాంకు నుంచి 645 డాలర్లు అందుకున్నారు. చిన్న మొత్తమే. కానీ ఉన్న చెట్టు, ఉన్న అడవి, ఏరే మనుషులు ముందే ఉన్నచోట అది నడిచింది. కానుగతో చిక్కల్లా కాపుకు రావడానికి పట్టే ఏళ్లు, చెట్టుకూ చెట్టుకూ దిగుబడిలో ఉండే పొంతనలేనితనం.

అడవి వైపు చూస్తే వెదురుది వేరే కథ. 2017లో అటవీ చట్టం సవరించి, అడవి బయట పెరిగే వెదురును చెట్ల జాబితా నుంచి తీసేశారు. రైతు నరికి అమ్ముకోవచ్చు. అసోంలోని నుమాలిగఢ్‌లో వెదురు నుంచి ఇథనాల్ తీసే రిఫైనరీని 2025 సెప్టెంబరులో ప్రారంభించారు. ఫిన్లాండ్ టెక్నాలజీ. నాకు ఇందులో నచ్చింది ఇథనాల్ కాదు: ఫర్‌ఫ్యూరాల్, ఎసిటిక్ ఆమ్లం కూడా అమ్మకానికి తీస్తారు. ఇందాక ఈస్ట్‌ను చంపుతోందని తిట్టుకున్న ఫర్‌ఫ్యూరాల్ ఇక్కడ ఆదాయం. ఒక్క ఇథనాల్ మీద బతకాలనుకున్న ప్లాంట్ల కంటే దీనికి నిలదొక్కుకునే అవకాశం ఎక్కువ. వెదురుకు కోత కాలం ఒక నెలకు పరిమితం కాదు, కట్టలు కట్టి లారీ ఎక్కిస్తే బరువూ తూగుతుంది. లాంటానా సంగతి అలా కాదు. బండీపుర అడవిని అల్లుకుపోయిన ఆ పొదను ఇంధనం చేయొచ్చనే ప్రతిపాదనలు తరచూ వస్తుంటాయి. కొట్టి, కొండ దింపి, రోడ్డెక్కించేసరికే ఖర్చు తడిసిమోపెడవుతుంది. మలె మహదేశ్వర కొండల్లో బెంగళూరుకు చెందిన పర్యావరణ పరిశోధన సంస్థ ఏట్రీ సోలిగ గిరిజనులతో కలిసి దాంతో కుర్చీలు, బుట్టలు చేయించింది. కిలో లాంటానాకు కుర్చీ ఇచ్చే విలువ ఏ ఇంధనమూ ఇవ్వదు.

ఐఐఎస్సీ పట్టిన మరో దారి

చక్కెరల జోలికి పోకుండా, గోడను గోడగానే వాయువుగా మార్చేయడం రెండో దారి. దీనికి బెంగళూరే పుట్టిల్లు అనొచ్చు. 1974లో శాస్త్రవేత్త అమూల్య రెడ్డి ఐఐఎస్సీలో గ్రామాల అవసరాల కోసం ఆస్త్రా అనే విభాగం పెట్టారు. ఎనభైల్లో అక్కడి ప్రొఫెసర్ ముకుంద బృందం కట్టెను వాయువుగా మార్చే గ్యాసిఫైయర్ మీద కూర్చుంది.

యంత్రం చూడటానికి నిలువు గొట్టం. పైన మూత ఉండదు. ఎండిన కట్టె ముక్కలు పైనుంచి వేస్తారు, గాలి పైనుంచీ పక్కన పెట్టిన నాజిళ్ల నుంచీ లోపలికి పోతుంది. పూర్తిగా మండటానికి కావలసినదానికంటే తక్కువ గాలే ఇస్తారు. మధ్యలో వెయ్యి డిగ్రీలు దాటే పొర ఏర్పడుతుంది, దాని కింద ఎర్రగా కాలుతున్న బొగ్గు. పై పొరల్లో పుట్టిన పొగ ఆ బొగ్గు గుండానే కిందికి దిగాలి. అక్కడే పొగలోని తారు చిట్లిపోతుంది. ఇది ముఖ్యమైన సంగతి. గ్యాసిఫైయర్లు ప్రపంచంలో ఎక్కడ విఫలమైనా సగం నేరం తారుదే. ఇంజన్ వాల్వులకు జిగురులా పట్టేసి ఆపేస్తుంది. పైమూత తీసేసి, గాలిని రెండుచోట్ల నుంచి ఇచ్చి తారును తగ్గించడమే ఈ డిజైన్ గొప్పతనం. కిందినుంచి వచ్చే వాయువులో కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ చెరో ఐదో వంతు, కాస్త మీథేన్. మిగిలినదాంట్లో ఎక్కువ నైట్రోజన్. చల్లార్చి, వడకట్టి ఇంజన్‌కు ఇస్తే సుమారు కిలో కట్టెకు ఒక యూనిట్ కరెంటు.

1988లో తుమకూరు జిల్లా హొసహళ్లిలో, అప్పటిదాకా కరెంటు లేని చిన్న ఊరికి, దీంతోనే వెలుతురు, నీళ్లు, పిండి మర వచ్చాయి. కట్టె కోసం ఊరి పక్కనే తోపు పెంచారు. తర్వాత అదే జిల్లాలో ఐరాస అభివృద్ధి కార్యక్రమం సాయంతో పెద్ద ప్రాజెక్టు చేపట్టి, కబ్బిగెరెలో వందల కిలోవాట్ల స్థాయి యంత్రాలు పెట్టి గ్రిడ్‌కు కలిపారు. ఊరికి సరిపోయిన పద్ధతి గ్రిడ్ దగ్గర తడబడింది. లైనులో కరెంటు పోతే ప్లాంటూ ఆగాలి. కట్టె తేమ 15 శాతం దాటితే గ్యాస్ పలచబడుతుంది, వానాకాలంలో ఆరబెట్టే చోటు కావాలి. ముక్కలు కోసే మనిషి రాకపోతే మూత.

ఈ వాయువులో సగం నైట్రోజన్ కావడం ఇంజన్‌కు పెద్ద అడ్డు కాదు, ఇంకేదైనా తయారుచేయాలంటే అడ్డే. గాలికి బదులు ఆక్సిజన్, నీటి ఆవిరి ఇస్తే నైట్రోజన్ పోతుంది, హైడ్రోజన్ పెరుగుతుంది. ఐఐఎస్సీలోనే ప్రొఫెసర్ దాసప్ప బృందం ఈ దారిలో వెళ్లి, కిలో బయోమాస్ నుంచి 100 గ్రాముల హైడ్రోజన్ తీసే పద్ధతిని 2022లో ప్రకటించింది. కిలో కట్టెలో ఉండేదే 60 గ్రాముల హైడ్రోజన్. మిగతాది ఆవిరి నుంచి వస్తుంది. ఇందులో అద్భుతమేమీ లేదు, కట్టెలోని కార్బన్ నీటి నుంచి ఆక్సిజన్‌ను లాక్కుంటే హైడ్రోజన్ విడుదలవుతుంది, అంతే. కానీ దాన్ని ఆగకుండా, తారు లేకుండా, వాహనానికి పనికొచ్చే స్వచ్ఛతతో చేయడానికి ముప్పై ఏళ్ల గ్యాసిఫైయర్ అనుభవం పనికొచ్చింది. దీన్ని పెద్ద స్థాయికి తీసుకెళ్లేందుకు ఇండియన్ ఆయిల్‌తో ఒప్పందం కుదిరింది.

విమానాల సంగతి ఇక్కడే ఒక మాట. 2018 ఆగస్టు 27న దెహ్రాదూన్ నుంచి ఢిల్లీకి ఒక స్పైస్‌జెట్ విమానం 25 శాతం జీవ ఇంధనంతో ఎగిరింది. ఆ ఇంధనం దెహ్రాదూన్‌లోని పెట్రోలియం పరిశోధన సంస్థ ఐఐపీ తయారుచేసింది, ఛత్తీస్‌గఢ్ రైతుల జట్రోఫా గింజలతో. 2019 జనవరిలో వాయుసేన విమానాల్లో వాడటానికి దానికి ఆమోదముద్ర వేసింది సైనిక విమానాల యోగ్యతను ధ్రువీకరించే బెంగళూరులోని సెమిలాక్. అంతర్జాతీయ విమానాల్లో 2027కు ఒక శాతం, 2028కి రెండు శాతం, 2030కి ఐదు శాతం కలపాలన్నది లక్ష్యం. ఇప్పటికి వాణిజ్యపరంగా నలిగిన దారి వాడేసిన వంటనూనెది. ఇక్కడి ఆంధ్రా మెస్సుల్లో, దర్శినిల్లో వడలు వేసి నల్లబడ్డ నూనె, బండి మీద బజ్జీలవాడికి పోకుండా రిఫైనరీకి పోతే ఆరోగ్యానికీ మంచిదే. కానీ వాడేసిన నూనె ఎంతని ఉంటుంది? అది చాలదు కాబట్టే ఇథనాల్‌ను విమాన ఇంధనంగా మార్చే దారి మీద కళ్లు పడుతున్నాయి. ఆ ఇథనాల్ మళ్లీ బియ్యం, మొక్కజొన్నదైతే మొదటికొచ్చినట్టే.

తడి సరుకు గ్యాసిఫైయర్‌కు పనికిరాదు, అది బయోగ్యాస్‌కు పోవాలి. పేడ, కూరగాయల చెత్త, నేపియర్ గడ్డి. 2018లో ఐదు వేల ప్లాంట్లు పెట్టిస్తామని మొదలైన సతత్ పథకం ఆ దరిదాపులకు రాలేదు. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లోని కనిగిరి వైపు రిలయన్స్ ప్లాంట్లకు పునాదులు పడ్డాయి. బీడులో నేపియర్ పండిస్తామంటున్నారు. నేపియర్ గడ్డికి నీళ్లు బాగా కావాలి. జట్రోఫాను అడిగిన ప్రశ్నే దీన్నీ అడగాలి.

ఐఐఎస్సీ హైడ్రోజన్ దగ్గర తేలాల్సింది స్థాయి. స్వచ్ఛమైన ఆక్సిజన్ తీసే యంత్రం పెద్దదయ్యేకొద్దీ కిలో ఆక్సిజన్ చవకవుతుంది, కాబట్టి ప్లాంటు పెద్దదిగా కట్టాలనిపిస్తుంది. ప్లాంటు పెద్దదయ్యేకొద్దీ కట్టె, పొట్టు మరింత దూరం నుంచి తేవాలి, లారీ బాడుగ పెరుగుతుంది, చుట్టుపక్కల ధరా పెరుగుతుంది. 50 కిలోమీటర్ల లోపల ఏడాది పొడుగునా ఎంత సరుకు, ఎవరి పొయ్యికీ పశువుకూ అడ్డం రాకుండా, ఏ ధరకు దొరుకుతుందో తాలూకా వారీగా తేల్చాలి. ఆ పరిమాణానికి సరిపోయేంత చిన్నగా ఆక్సిజన్ యంత్రాన్ని చవగ్గా చేయాలి.